మనసు మీద బేరం

అధ్యాపకురాలు: బాబాయ్ గారూ, మీ చీరల దుకాణానికి వచ్చిన ఒకావిడ ధర అడిగింది, అంతే. కొనాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఈలోపే మీ కౌంటర్ అమ్మాయి చీర మడత విప్పి ఆవిడ భుజాన వేసి, కొంగు సర్ది, అద్దం వైపు తిప్పేస్తుంది. అప్పటికది దుకాణం చీరే. కానీ ఆవిడ మనసులో సగం సొంతమైపోయింది. ఇక తీసి ఇచ్చేయడమంటే కొనకపోవడం కాదు, పోగొట్టుకోవడం. 1990లో ప్రకటించిన ఒక ప్రయోగంలో డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకుల బృందం అమెరికాలో కొందరు విద్యార్థులకి కాఫీ కప్పులు ఇచ్చి, అమ్ముతారా అని అడిగింది. కప్పు చేతిలో ఉన్నవాళ్లు చెప్పిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకి దాదాపు రెట్టింపు. మనది అనుకున్నదాన్ని వదులుకోవడానికి మనసు అంత ఎక్కువ అడుగుతుంది. మీ అద్దం ముందు జరిగేదీ అదే.

వ్యాపారి: వాళ్లకి కప్పులు ఇచ్చేశారు కదమ్మా. నేను చీర ఇచ్చేయలేదే. మడతలో ఉన్న చీర చూసి ఏ ఆడపిల్లయినా ఏం చెప్పగలదు? రంగు ఒంటి మీద ఒకలా ఉంటుంది, ట్యూబ్‌లైటు కింద బల్ల మీద ఒకలా ఉంటుంది. అంచు ఎంత వెడల్పు పడుతుందో భుజాన వేస్తేనే తెలుస్తుంది. వేయకుండా అమ్మితే ఇంటికెళ్లి చూసుకుని మర్నాడు తిరిగి తెస్తారు. అప్పుడు మాయ చేశానంటావా, చెప్పలేదంటావా?

అధ్యాపకురాలు: ఇవ్వక్కర్లేదు. 2009లో జోయాన్ పెక్, సుజాన్ షూ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చింది అదే. ఊరికే చేత్తో తాకినా చాలు, ఆ వస్తువు మీద నాదన్న భావన పెరుగుతుంది. మీరన్నదీ నిజమే, చీర ఒంటి మీదే చూడాలి. ఒకే పని రెండూ చేస్తోంది. ఆవిడకి కావలసింది చూపిస్తోంది, ఆవిడ వదల్లేకుండానూ చేస్తోంది. ఈ రెండో దాని గురించే మనం మాట్లాడుకోవాలి.

వ్యాపారి: మాట్లాడుకుందాం. కానీ ముందొక మాట. మీ పుస్తకాల్లో కొనేవాళ్లంతా ఏమీ తెలియని పిల్లల్లా కనిపిస్తారు. ఈ బజారులోకి వచ్చే ఆడవాళ్లు అలాంటివాళ్లు కారు. మూడు దుకాణాలు తిరిగే నా గుమ్మం ఎక్కుతారు. బట్ట వేళ్ల మధ్య నలిపి చూస్తారు. కొంగు తిరగేసి వెనక దారాలు ఎలా తేలాయో చూస్తారు. జరీ గోటితో గీకుతారు. ‘చూడ్డానికి డబ్బులేం లేవు, కూర్చోండమ్మా’ అని నేనంటే ఆ మాటకి విలువెంతో వాళ్లకి నాకంటే బాగా తెలుసు.

అధ్యాపకురాలు: మరి అంత తెలిసినవాళ్ల కోసం 4,999 అని చీటీ కట్టి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద 2,499 అని ఎందుకు రాస్తారు? ఆ చీర 4,999కి ఒక్క రోజు కూడా అమ్మింది లేదు. ఆ అంకె మనసులో పాతిన గుంజ. తాడు ఎంత పొడుగున్నా ఆలోచన దాని చుట్టూనే తిరుగుతుంది. 1974లో కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ రాసిన పరిశోధనలో ఒక చక్రం ఉంది. 10 మీదో 65 మీదో ఆగేలా దాన్ని బిగించారు. తిప్పాక, ఐక్యరాజ్యసమితి సభ్యుల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. ఏ సంబంధమూ లేని అంకే అంత లాగితే చీరకే కట్టిన అంకె ఎంత లాగాలి?

వ్యాపారి: వాళ్లకి ఆఫ్రికా దేశాల సంగతి తెలియదు కాబట్టి చక్రం లాగింది. చీర సంగతి మావాళ్లకి తెలుసు.

అధ్యాపకురాలు: తెలిసినవాళ్లనీ లాగుతుంది. 1987లో ప్రకటించిన పరిశోధనలో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో ఇళ్ల దళారులనే పరీక్షించారు. ఇల్లు చూపించారు, వివరాలన్నీ కాగితం మీద ఇచ్చారు. చెప్పే ధర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా రాశారు. పొద్దున లేస్తే ఇళ్లకి వెల కట్టే మనుషులే ఆ అంకె వైపు ఒరిగిపోయారు. పైగా, ఆ అంకెను మేము లెక్కలోకి తీసుకోలేదనే చాలామంది చెప్పారు. లాగుతున్న సంగతి తెలియకపోవడమే దాని బలం.

వ్యాపారి: సరే, లాగుతుందనే ఒప్పుకుంటాను. ఇప్పుడు నేనొకటి చెప్తాను, దానికి నీ పుస్తకంలో జవాబు చూడు. పెళ్లిళ్లకి పెట్టుబడి చీరలు కొంటారు. ఇరవై, ముప్ఫై, యాభై. వియ్యాలవారి తరఫు ఆడవాళ్లకి, ఆడపడుచులకి, పిన్నమ్మలకి. 2,499 ఇచ్చి కొన్న చీర ప్యాక్ చేసేటప్పుడు నేను కింద రాసిన అంకెను చెరిపేయమంటారు. పైనున్న చీటీ మాత్రం ఉంచమంటారు. 4,999 కనబడాలి. అది కనబడకపోతే వాళ్లకి చిన్నతనం. నేను నిజాయితీగా 2,499 చీటీ కట్టానే అనుకో, ఆవిడ పక్క దుకాణానికి వెళ్లి అదే చీర అదే డబ్బుకి పెద్ద చీటీతో కొనుక్కుంటుంది. ఆ అంకెతో నేను ఆవిణ్ని మోసం చెయ్యలేదమ్మా, ఆవిడకి కావలసినదాన్ని చీరతో కలిపి ఇచ్చాను.

అధ్యాపకురాలు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజం చెప్పాలంటే మీ వైపున ఇంకో పెద్ద సాక్ష్యం నేనే ఇవ్వగలను. 2012లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద బట్టల సంస్థ కూపన్లు, దొంగ తగ్గింపులు ఎత్తేసింది. మొదటి నుంచీ తక్కువ ధరే రాస్తాం, అదే తీసుకుంటాం అంది. ఆ ఒక్క ఏడాదిలో అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆ పని చేసిన రాన్ జాన్సన్‌ని పదవిలోంచి దించేశారు. జనం తక్కువ ధర కోసమే రావడం లేదు, ధర తగ్గించి గెలిచామన్న తృప్తి కోసం కూడా వస్తారు.

వ్యాపారి: ఆ తృప్తి నేనివ్వకపోతే ఇంకెవరో ఇస్తారు.

అధ్యాపకురాలు: కానీ మీరు ఇందాక చెప్పిన పెళ్లి చీరల ఉదాహరణలోనే ఒకటి చూడండి. ఆ చీటీ ఆవిణ్ని మోసం చెయ్యలేదు, సరే. చీర అందుకున్న మనిషిని? ఆ మనిషి రేపు తన కూతురి పెళ్లి వచ్చినప్పుడు, ‘వాళ్లు మనకి అయిదు వేల చీర పెట్టారు, మనం తక్కువ పెడితే బావుండదు’ అంటుంది. ఆ అంకె అలా ఇంటింటికీ తిరుగుతూ అందరి ఖర్చునీ పైకి లాగుతుంది. అప్పు చేసి పెళ్లి చేసేవాళ్లు కూడా దాని చుట్టూనే తిరగాలి.

వ్యాపారి: అందరికీ తెలిసిన అంకె కదా అది. సగానికి సగం చూసుకోవాలని పెళ్లికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలుసు.

అధ్యాపకురాలు: మొదటి పెళ్లి చేసేవాళ్లకి తెలియదు. పల్లె నుంచి మొదటిసారి ఇంత పెద్ద కొనుగోలుకి వచ్చినవాళ్లకీ తెలియదు. తెలిసినవాళ్లకి ఆట, తెలియనివాళ్లకి ఖర్చు.

వ్యాపారి: ఇంకో సంగతి చెప్తాను, మీరు ప్రతిదానిలోనూ మనసు గారడీ చూస్తారనడానికి. 999 రూపాయలు. దీని మీద కాలేజీల్లో పాఠాలు చెప్తారట. వెయ్యికి ఒక రూపాయి తక్కువైతే మనసు తొమ్మిది వందల దగ్గరే ఆగిపోతుందని. కావచ్చు. కానీ 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రెడీమేడ్ బట్టలకి వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12 శాతం వేశారు. చొక్కా వెయ్యి దాటితే ఎన్ని రూపాయలు పన్నులో పోతాయో నాకు తెలుసు. అందుకే ఆ గీత కిందే ఉంచేవాళ్లం. మీ పాఠంలో ఈ పన్ను ఉందా?

అధ్యాపకురాలు: లేదు, ఉండాలి. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత 2,500కి జరిగింది. చొక్కాలు ఇంకా 999 దగ్గరే ఎందుకున్నాయి?

వ్యాపారి: అలవాటు.

అధ్యాపకురాలు: ఎవరి అలవాటు? 2003లో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఒకే రకం దుస్తుల్ని కేటలాగుల్లో మూడు ధరలకి పంపారు. 34 డాలర్లు, 39, 44. అన్నిటికంటే తక్కువకి ఎక్కువ అమ్ముడు కావాలి కదా. కాలేదు. 39కే ఎక్కువ పోయాయి. తొమ్మిదితో ముగిసే ధర మంచి బేరమన్న సంకేతంలా పనిచేస్తుంది. ఇది చూసి చాలామంది, ‘అయితే తొమ్మిదులు రాసేద్దాం’ అని మురిసిపోతారు. నేను అందులో ఇంకోటి చూస్తాను. అయిదు డాలర్లు తక్కువకి ఇస్తామన్నా కొనని మనిషి తన డబ్బు తాను చూసుకోలేకపోయాడు. ఆ చోటే మీరు దుకాణం పెట్టారు.

వ్యాపారి: నేనొక్కణ్నే పెట్టానా? ఫోనులో చూడు. ‘రెండే మిగిలాయి.’ ‘ఇంకో పదిహేను నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది.’ ‘మీ ఊళ్లో ఇప్పుడే ఒకరు కొన్నారు.’ వద్దని నొక్కబోతే ‘డబ్బు ఆదా చేసుకోవడం నాకిష్టం లేదు’ అని రాసి ఉన్న బొత్తాం మీదే నొక్కాలి. వాళ్ల దగ్గర ఇలాంటివి రాయడానికే ఉద్యోగులున్నారు, కోట్ల మంది మీద పరీక్షించి ఏది లాగుతుందో చూసుకునే యంత్రాలున్నాయి. ఇవతల నా దగ్గర ఏముంది? ఒక అద్దం, నలుగురు అమ్మాయిలు, ఒక చీటీ. అవి కూడా కింద పెట్టేయమంటున్నావు.

అధ్యాపకురాలు: మీ కోపం న్యాయమైనది. ఆ పద్ధతులకి 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నియమాలు తెచ్చింది. పదమూడు రకాలు గుర్తించి వద్దంది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో వేసేయడం, వద్దన్నవాళ్లని సిగ్గుపరచడం, ధర కొంచెం కొంచెంగా బయటపెట్టడం, ఇలాంటివి. కానీ ఆ నియమాలు ఆన్‌లైన్ వేదికలతో ఆగలేదు, ప్రకటనలిచ్చేవాళ్లకీ అమ్మేవాళ్లకీ కూడా వర్తిస్తాయని రాశారు.

వ్యాపారి: రాశారు. మా బజారులో ఏ ఒక్కరికైనా తెలుసా? వాళ్లకి లాయర్లున్నారు, తప్పించుకుంటారు. పట్టుబడేది మేం.

అధ్యాపకురాలు: అది చట్టం అమలులో లోపం. మీరు చేసేది సరైనదనడానికి అది రుజువు కాదు.

వ్యాపారి: సరైనదేనని నేననడం లేదు. ఎవరి చేతిలో ఎంత ఉందో చూడమంటున్నాను. పైగా నాకొక కట్టడి ఉంది, ఫోనుకి లేదు. నేను ఈ పెళ్లికి ఎక్కువ లాగితే వచ్చే పెళ్లికి ఆ కుటుంబం నా గుమ్మం తొక్కదు. ఆ ఊరు మొత్తం తొక్కదు. కొసరుగా ఒక జాకెట్టు ముక్క వేస్తాను, పిల్లకి చిన్న గౌను ముక్క ఇస్తాను. మీవాళ్లు దీనికీ ఏదో పేరు పెట్టే ఉంటారు.

అధ్యాపకురాలు: పెట్టారు. ఇచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వాలనిపించడం గురించి రాబర్ట్ చాల్డీనీ 1984లోనే రాశాడు. కానీ కొసరు మీద నాకు పేచీ లేదు. ఆ ముక్క ఎంత విలువో ఆవిడకి కనబడుతోంది, ఎందుకిస్తున్నారో తెలుస్తోంది.

వ్యాపారి: ఒకటి ఒప్పుకున్నావు. ఇంకోటి. మా అబ్బాయి ఎక్కడో చదివి, రకాలు తగ్గించేద్దాం అన్నాడు. ఎక్కువ రకాలు చూపిస్తే జనం తికమకపడి కొనకుండా వెళ్లిపోతారట. జామ్ సీసాల లెక్క చెప్పాడు.

అధ్యాపకురాలు: షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రకటించింది. ఇరవై నాలుగు రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్లు ఎక్కువ. కానీ వాళ్లలో కొన్నది నూటికి ముగ్గురు. ఆరు రకాలే పెట్టినప్పుడు నూటికి ముప్ఫై మంది.

వ్యాపారి: జామ్ సంగతి నాకు తెలియదు. చీరల దుకాణంలో తెల్ల దుప్పటి మీద యాభై చీరలు గుట్ట పడకపోతే, ‘వీళ్ల దగ్గర సరుకు లేదు’ అని లేచిపోతారు. ఆ గుట్టలోంచి ఆవిడ తనే పక్కకి తీసి పెట్టుకుంటూ మూడుకి తెస్తుంది. ఏరుకోవడంలోనే ఆవిడ సంతోషం.

అధ్యాపకురాలు: ఇక్కడ మీరే గెలిచారు. 2010లో కొందరు అలాంటి యాభై ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి చూశారు. సగటున ప్రభావం దాదాపు సున్నా. కొన్ని చోట్ల రకాలు ఎక్కువైతే కొనడం తగ్గింది, కొన్ని చోట్ల పెరిగింది. ఒక ప్రయోగం చదివి దుకాణం సర్దేయకూడదు. మా కాలేజీల నుంచి ఇలాంటి సలహాలు చాలా బయటికొస్తున్నాయి. వాటి మీద మీకున్న అనుమానం ఆరోగ్యకరమైనది.

వ్యాపారి: మరి దేని మీద నీ పట్టు?

అధ్యాపకురాలు: మీ మీద. ఇంతసేపూ కొనేవాళ్ల మనసు గురించి మాట్లాడాం. అదే మనసు కౌంటర్ ఇవతల కూడా ఉంది. పై అంతస్తులో, వెనక గోడ బీరువాల్లో కింది రెండు అరలు ఉన్నాయి కదా. చీరలకి మడతల దగ్గర గీతలు పడ్డాయి. కొన్నిటికి జరీ నల్లబడుతోంది. చీటీ మీద కొన్న ధర మీ రహస్య అక్షరాల్లో ఉంది, పక్కన తేదీ ఉంది. మూడేళ్ల నాటి సరుకు. ఎందుకు ఇంకా అక్కడే ఉంది?

వ్యాపారి: రంగులు పోలేదు. ఎప్పటికైనా అమ్ముడుపోతుంది.

అధ్యాపకురాలు: లెక్క వేద్దాం. అసలు రెండు లక్షలు అనుకోండి. బజారు వడ్డీ రెండు రూపాయలు. అంటే ఆ రెండు అరలకి నెలకి నాలుగు వేలు కడుతున్నట్టే. మూడేళ్ల కిందట సగానికి తెగనమ్మి, వచ్చిన లక్ష అప్పులో జమ చేసి ఉంటే, ఈ ముప్ఫై ఆరు నెలల్లో వడ్డీయే డెబ్బై రెండు వేలు మిగిలేది. ఈ రోజు అదే సరుకు లక్షకి కూడా పోదు. నష్టానికి అమ్మడం ఇష్టం లేక అంతకంటే పెద్ద నష్టం నెల నెలా కడుతున్నారు. పోగొట్టుకోవడం వల్ల కలిగే బాధ, అంతే మొత్తం సంపాదిస్తే కలిగే సంతోషానికి సుమారు రెట్టింపు బరువుంటుందని కానెమన్, ట్వెర్‌స్కీ లెక్క కట్టారు. అమ్మితే నష్టం ఒక్క రోజున కళ్ల ముందు పడుతుంది. ఉంచుకుంటే వడ్డీలో, అద్దెలో, కొత్త సరుకుకి చోటు లేకపోవడంలో కలిసిపోయి కనబడదు.

వ్యాపారి: నీ లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. అందులో లేనివి చెప్తాను. ఒకటి, ఇది చిన్న ఊరు. ఆ రకం చీరలు పూర్తి ధరకి కొన్నవాళ్లు ఈ వీధుల్లోనే ఉన్నారు. సగానికి పెడితే, ‘నా దగ్గర డబుల్ లాగావా’ అని గుమ్మంలో నిలబడి అడుగుతారు. రెండు, నేను కొన్న ధరకంటే తక్కువకి తెగనమ్ముతున్నానని నాకు సరుకు పంపే సూరత్ పార్టీకి తెలిస్తే వాడు అనుకునేది ఒక్కటే, మునిగిపోతున్నాడని. మర్నాడే అరువు ఆపేస్తాడు. పండగ సరుకు మొత్తం అరువు మీద దిగుతుంది. ఆ మాట పుట్టకుండా ఉండటానికి నెలకి నాలుగు వేలు ఎక్కువేం కాదు. మూడు, ఒకసారి సగానికి ఇచ్చానా, అందరూ ఆషాఢం దాకా ఆగుతారు. శ్రావణంలో నా దుకాణంలో ఈగలు తోలుకోవాలి.

అధ్యాపకురాలు: ఈ మూడూ బలమైనవే. జర్మనీలో గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి వాదిస్తున్నది ఇదే. ప్రయోగశాలలో లోపంలా కనబడేది, నిజం బతుకులో చాలాసార్లు తెలివైన అడ్డదారి అని. దుకాణదారు చూసేదాంట్లో సగం మాకు కనబడదు. కానీ ఒక్క ప్రశ్న. ఇప్పుడు మీ చేతిలో రొక్కం ఉంది, ఆ రెండు అరల సరుకు ఇంకొకరి దుకాణంలో ఉంది. ఇవాళ ఎంత పలుకుతుందో అంతకే ఇస్తామంటే, కొంటారా?

వ్యాపారి: కొనను. కానీ కొనకపోవడం వేరు, ఉన్నదాన్ని వదులుకోవడం వేరు.

అధ్యాపకురాలు: అద్దం ముందు ఆవిడకి జరిగేది ఇదేనని నేను మొదట్లో చెప్పింది.

వ్యాపారి: అయితే అది మనుషుల లక్షణం. నాన్న కొన్న పొలం, తాత కట్టిన ఇల్లు, వాటినీ ఇలాగే పట్టుకుంటాం. అదే లేకపోతే ఈ దుకాణం మూడుసార్లు మూసేసి ఉండేవాణ్ని. సూపర్ మార్కెట్లు వచ్చినప్పుడు, నోట్లు రద్దయినప్పుడు, కరోనా అప్పుడు. ఆ రోజుల్లో లెక్క వేస్తే మూసేయడమే లాభం. వేయలేదు కాబట్టి ఉన్నాను.

అధ్యాపకురాలు: ఉన్నారు కాబట్టి ఈ మాట వినిపిస్తోంది. అలాగే పట్టుకుని మునిగిపోయినవాళ్లు కౌంటర్ వెనక లేరు, చెప్పడానికి. 1988లో ప్రకటించిన ఒక పరిశోధనలో అమెరికాలో దాదాపు మూడు వేల మంది కొత్త వ్యాపారుల్ని, మీ వ్యాపారం నిలబడే అవకాశం ఎంత అని అడిగారు. నూటికి ఎనభై ఒక్క మంది పదికి ఏడు పాళ్లో అంతకంటే ఎక్కువో అన్నారు. మూడో వంతు మంది పదికి పది అన్నారు. అనుమానమే లేదన్న మాట. మన దగ్గరా ఒక వీధిలో ఒక బిర్యానీ పాయింట్ నడిస్తే ఏడాది తిరిగేసరికి అయిదు లేస్తాయి. నడిచేది అందరికీ కనబడుతుంది. మూతపడ్డదాని బోర్డు తీసేస్తారు కాబట్టి కనబడదు.

వ్యాపారి: ఆ నమ్మకం లేకపోతే ఏ వీధిలోనూ ఒక్క దుకాణం తెరుచుకోదమ్మా. అవకాశాలు లెక్క వేసుకుని కూర్చున్నవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటారు. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి నాన్న మొదటి బేల్ తెచ్చాడు. ఇలాంటి తాకట్ల మీదే ఈ బజారు లేచింది.

అధ్యాపకురాలు: విడిపించుకోలేకపోయిన గాజుల మీద కూడా. ఆ నమ్మకం తీసేయమనడం లేదు బాబాయ్ గారూ. పక్కన ఒక చిన్న కాపలా పెట్టమంటున్నాను. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకి రెండు రకాల శిక్షణ ఇచ్చి పోల్చారు, 2014లో ప్రకటించారు. కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్. అది పెద్దగా మార్చలేదు. ఇంకొందరికి కొన్ని మోటు సూత్రాలే నేర్పారు. ఇంటి డబ్బు ఒక సొరుగులో, దుకాణం డబ్బు ఇంకో సొరుగులో, అలాంటివి. వాళ్లకే మేలు జరిగింది. కెన్యాలో అయితే చేతిలో చిల్లర లేక ఎన్ని బేరాలు పోతున్నాయో దుకాణదారుల్ని మాటిమాటికీ అడగడమే సరిపోయింది. వాళ్లే చిల్లర తెచ్చి పెట్టుకోవడం మొదలుపెట్టారు.

వ్యాపారి: ఇది నాకు తలకెక్కింది. నాన్న గల్లాలోంచి కూరలకి పది రూపాయలు తీసినా పద్దు రాసేవాడు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ అంటిస్తున్నాం. చాలా దుకాణాల్లో అది యజమాని సొంత ఖాతాకే పోతుంది. బేరం డబ్బు, పిల్లల ఫీజు, పెట్రోలు, సూరత్ పార్టీకి కట్టేది, అన్నీ ఒకే ఖాతాలో కలగలిసిపోయాయి. నెలాఖరుకి ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. బ్యాలెన్సు కనిపిస్తే లాభం అనుకుంటున్నారు.

అధ్యాపకురాలు: ఆ ఒక్కటి విడగొడితే చాలు, కింది అరల వడ్డీ కళ్లకి కనబడుతుంది. ఇక అసలు సంగతి. కౌంటర్ అమ్మాయిలకి ఆ పాత సరుకు మీద చీరకి ఎంత ఇస్తారు?

వ్యాపారి: యాభై. కొత్త సరుకు మీద ఏమీ లేదు. అందరూ అలాగే ఇస్తారు.

అధ్యాపకురాలు: అందుకే మీ రెండు అరల గురించి ఇంతసేపు పట్టుకున్నాను. మీకు నష్టం ఒప్పుకోవడం కష్టం. ఆ కష్టాన్ని యాభై రూపాయలు చేసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ముందు తొమ్మిది వేల చీర తీసి చూపిస్తుంది, కింది అర చీర చవగ్గా కనబడటానికి. ‘ఈ కలర్ ఇదొక్కటే ఉందండీ’ అంటుంది. భుజాన వేస్తుంది. మడత గీత కుచ్చిళ్లలోకి పోయేలా సర్దుతుంది. ఎవరికి వేస్తుంది? వేళ్లతో నలిపి చూసే ఆవిడకి వేయదు, దొరికిపోతుంది. అడగడానికి మొహమాటపడే పల్లె మనిషికి వేస్తుంది. మీరు వదులుకోలేనిది ఆవిడ వదులుకోలేనట్టు చేసి తీర్చుకుంటున్నారు.

వ్యాపారి: పెద్ద మాట అన్నావు. మరి ఆ నష్టం ఎక్కడ పడాలి? సూరత్ వాడు వెనక్కి తీసుకోడు. అద్దెవాడు తగ్గించడు. నేను మింగితే, మింగగలిగినంత కాలం మింగి, తర్వాత ఆ అమ్మాయిల్లో ఒకరిని మానెయ్యమంటాను. ఆ అమ్మాయి జీతం పన్నెండు వేలు. ఆ యాభైలు కూడితే పండగ నెలలో ఇంకో రెండు మూడు వేలు వస్తాయి. దాంతో పిల్లకి ఫీజు కడుతుంది. కొనేవాళ్ల మీద అంత జాలి ఉన్నదానివి, ఆ పిల్ల వైపు చూశావా?

అధ్యాపకురాలు: చూశాను. అందుకే కమిషన్ తీసేయమనను. ఏ చీర అమ్మినా ఒకే కమిషన్ ఇవ్వండి. పాత సరుకు విడిగా ఒక బల్ల మీద పెట్టి, ‘మడత గీతలున్నాయి, సగం ధర’ అని రాయండి. ఇంట్లో కట్టుకోవడానికి, పొలం పనికి కొనుక్కునేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. వాళ్లకి గీతతో పని లేదు.

వ్యాపారి: అలా రాస్తే కొనేవాళ్లు ఉంటారు, కాదనను. సూరత్ పార్టీకి మాట చేరకుండా ఏదో చెప్పుకోవచ్చు కూడా. కానీ అన్ని చీరలకీ ఒకే కమిషన్ అంటే కింది అర ఎవరూ తెరవరు. నాలుగు వేల వడ్డీ అలాగే నడుస్తుంది.

అధ్యాపకురాలు: బల్ల మీద పెడితే తెరవక్కర్లేదు కదా.

వ్యాపారి: బల్ల మీద అమ్ముడయ్యేది సగానికి. అమ్మాయి అమ్మేది ముప్పాతికకి. ఆ పాతిక తేడా నాకు చిన్నది కాదు. సరే, ఒకటి చేస్తాను. శ్రావణం పెళ్లిళ్లకి నాలుగు కౌంటర్లలో రెండిట్లో నువ్వు చెప్పినట్టు చేస్తాను, రెండిట్లో పాత పద్ధతే. నెల తిరిగాక పద్దు చూద్దాం. నీ రెండు కౌంటర్లలో రాబడి తగ్గితే, తగ్గినంత ఎవరు భరించాలో నువ్వే చెప్పాలి.

అధ్యాపకురాలు: తగ్గకపోతే?

వ్యాపారి: నాలుగింట్లోనూ మార్చేస్తాను. కానీ తగ్గుతుందనే నా నమ్మకం.

అధ్యాపకురాలు: మొదటి నెల తగ్గుతుందనే నేనూ అనుకుంటున్నాను. అయినా మార్చమనే అంటాను. మీరు ఒక నెల పద్దు చూస్తారు. ఆ చీర విప్పి గీత చూసుకున్న మనిషి మళ్లీ రావడమో మానేయడమో తేలడానికి ఇంకో పెళ్లి దాకా పడుతుంది.

వ్యాపారి: అంతదాకా అద్దెవాడు ఆగడమ్మా.